ఫెన్ అక్క పేరు మీద ఇచ్చిన మాట

2012 ఆగస్టు 31, శుక్రవారం. ఆ మధ్యాహ్నానికి బైలూ కంప్యూటర్ ఆటల కంపెనీ తాళపు యంత్రంలో నమోదై ఉన్న కొనుగోలుదారులు ముప్పై ఎనిమిది వేల రెండు వందల పద్నాలుగు మంది. ప్రతి నెలాఖరునా ఆ సంఖ్య చూసి యజమానికి చెప్పడం జియెన్ యూఫెన్ పనుల్లో ఒకటి. ఆ నెల కూడా చూసి చెప్పింది. యజమాని వెంగ్ బింగ్‌కున్ విన్నాడో లేదో తెలియకుండా తల ఊపి, "సరేలే, ముందు కిందికి పద. అగరొత్తులు ఆరిపోతాయి" అన్నాడు.

చాంద్రమానం ప్రకారం ఏడో నెల పౌర్ణమి. దిక్కులేని ఆత్మలకు కడుపు నింపి పంపే రోజు. జోంగ్‌హ పట్టణంలోని ఆ సందులో ప్రతి ఆఫీసూ గుమ్మం ముందు బల్ల వేసింది. బైలూ వాళ్ల బల్ల మీద నూడుల్స్ పొట్లాలు, శీతల పానీయాల డబ్బాలు, బిస్కట్లు, బియ్యపు సారా, వచ్చినవాళ్లు చేతులు కడుక్కోవడానికి ఒక బేసిన్ నీళ్లు, పక్కన కొత్త తువ్వాలు ఉన్నాయి. ప్రతి వస్తువులోనూ ఒక అగరొత్తి గుచ్చారు. వీటి మధ్య, ముందు వరసలో, యూఫెన్ తన చేత్తో ఆకుపచ్చ పొట్లాలు పేర్చింది. కొబ్బరి వాసన వేసే ఆ మొక్కజొన్న చిరుతిండి పేరుకు అర్థం బుద్ధిగా ఉండమని. పూజ ముగిశాక వాటిని పైకి తీసుకువెళ్లి ఒక్కో యంత్రం మీద ఒకటి పెట్టాలి. ఆకుపచ్చదే కావాలి, పసుపుది పెడితే యంత్రం అలుగుతుంది. గడువు దాటిన పొట్లం ఉంచకూడదు. ఆకలితో చస్తున్నా సరే, ఎవరూ దాన్ని విప్పి తినకూడదు. దేవుణ్ణి నమ్మని ఇంజనీర్లు కూడా ఈ నియమాలను తప్పరు.

యూఫెన్‌కు నలభై రెండేళ్లు. కొనుగోలుదారుల సేవా విభాగం అంటే ఆమె, ఆమె బల్ల, బల్ల మీద ఒక ఫోను. మొదట్లో ఇద్దరు సహాయకులు ఉండేవారు. తరువాత ఒకరు, ఆ తరువాత ఎవరూ లేరు. ఆటలు కొన్నవాళ్లకు ఆమె ముఖం తెలియదు, గొంతు తెలుసు. వాళ్లందరికీ ఆమె ఫెన్ అక్క. వయసులో తనకంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు.

ఆత్మల ఖర్చుకని కాల్చే కాగితపు నోట్లు ఇనుప డబ్బాలో బూడిదయ్యాక, పొట్లాలు చేతుల్లో పొదువుకుని ఆమె మూడో అంతస్తులోని యంత్రాల గదికి వెళ్లింది. ఈమెయిళ్ల యంత్రం మీద పాతది తీసి కొత్తది పెట్టింది. జీతాల లెక్కలు చూసే యంత్రం మీదా పెట్టింది. మూలనున్న తాళపు యంత్రం దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి గాలిలో ఆగింది. దాని నెత్తి బోడిగా ఉంది. పాత పొట్లం లేదు. అది ఉండిన చోట దుమ్ము లేని నలుచదరం ఒకటి మిగిలింది.

గదికి ఆ చివర లాయ్ గ్వోసేన్ తీగల చిక్కు విడదీస్తున్నాడు. ఆఫీసులో అందరూ అతన్ని ఆసేన్ అంటారు. కంపెనీ పెట్టినప్పటి నుంచి ఉన్నవాళ్లలో మిగిలింది వెంగ్ కాక వీళ్లిద్దరే.

"ఆసేన్, దీని మీది పొట్లం ఏమైంది?"

"ఎలుకలు తినుంటాయక్కా."

"సంచీతో సహా తినే ఎలుకలా? నీ డ్రాయరు తీసి చూడమంటావా?"

"నేను తినలేదు. ఒట్టు. అది తిని ఈ గదిలో ఉద్యోగం చేసే ధైర్యం నాకెక్కడిది."

"సరే, ఎలుకకి పుణ్యం. కొత్తది పెడుతున్నా, పక్కకి జరుగు."

అతను జరగలేదు. లేచి వచ్చి ఆమెకూ యంత్రానికీ మధ్య నిలబడ్డాడు.

"దానికి వద్దక్కా."

"ఎందుకు?"

ఆసేన్ తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. "బుద్ధిగా ఉండు నాయనా అని బతిమాలి, నెల తిరక్కుండా మనమే దాని పీక నొక్కితే ఏం బాగుంటుంది చెప్పు. నాకు చేతులు రాలేదు. అందుకే పొద్దున్నే తీసేశాను." గొంతు తగ్గించి, "వెంగ్ సార్ నీకు అప్పుడే చెప్పొద్దన్నారు. నువ్వు కింద ఇంకో అరగంట ఉంటావనుకున్నా" అన్నాడు.

వెంగ్ ఆమెకు చెప్పకుండా దాచిన సంగతి ఇలా బయటపడింది. ఆసేన్ ఆ పొట్లాన్ని ఉన్నచోటే వదిలేసి ఉంటే యూఫెన్‌కు మరో మూడు వారాలు ఏమీ తెలిసేది కాదు. చంపబోయే యంత్రాన్ని మభ్యపెట్టడానికి మాత్రం అతనికి మనసొప్పలేదు.

ఆ యంత్రం పుట్టుక తెలిస్తే తప్ప ఆ కబురు యూఫెన్‌కు ఎందుకంత పెద్దదో అర్థం కాదు.

2002లో బైలూ తన మొదటి ఆటను అమ్మకానికి పెట్టింది. పేరు ‘పగడాల రేవు’. ఉప్పు దొంగల కాలంలో ఒక చిన్న ఓడరేవును కట్టి, ఓడలు నడిపి, కరువులనూ తుఫానులనూ తట్టుకోవాలి. మూడేళ్ల పని. విడుదలైన రెండో వారం యూఫెన్ నాన్‌షిజ్యావ్ బజారులో దాన్ని చూసింది. ఒక చెక్క మీద ప్లాస్టిక్ సంచుల్లో దొంగ సీడీలు. అమ్మేవాడు లేడు, ఉంటే పోలీసులు పట్టుకుంటారు. చెక్క పక్కన ఒక బకెట్టు, దాని మీద ‘మనస్సాక్షిగా వేయండి’ అని రాసిన అట్ట. ఆమె నిలబడి చూసింది. జనం ఏరుకుంటున్నారు, బకెట్టులో డబ్బు వేస్తున్నారు, చిల్లర తామే తీసుకుంటున్నారు. ఎవరూ ఎగ్గొట్టడం లేదు.

మరునాడు ఆమె వెంగ్‌తో, "సార్, దొంగ సరుకు అమ్మేవాడు కొనేవాళ్లని నమ్ముతున్నాడు" అంది.

"వాడికి పోయేదేముంది, ఆ ప్లాస్టిక్ ముక్క తప్ప?" అన్నాడు వెంగ్. "నాకు మూడేళ్లు పోయాయి. పోనీ నువ్వు నమ్ము. నీ జీతం బకెట్టులోంచి ఇస్తాను."

ఆ ఏడాది చివర జీతాలు ఆగాయి. బొమ్మలు గీసేవాళ్లలో సగం మంది వెళ్లిపోయారు. అందుకని రెండో భాగానికి తాళం వేశారు. ఆటను కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు అది బైలూ యంత్రానికి కబురు పంపి, కొన్నవాడు ఫలానా అని చెప్పుకోవాలి. తరువాత పది రోజులకొకసారి మళ్లీ చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఆట మొదటి తెర దగ్గరే ఆగిపోతుంది. ఈ తాళాన్ని పగలగొట్టడానికి దొంగలకు ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో ఆట అమ్ముడుపోయింది. జీతాలు వచ్చాయి, వెళ్లినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు, మూడో భాగం తయారైంది. తాళం వల్లే బతికామన్న సంగతిని యూఫెన్ ఎవరి ముందైనా ఒప్పుకునేది.

ఆ తాళపు బరువు ఎవరి మీద పడిందో మాత్రం ఆమె ఫోనుకే తెలుసు. సెలవుపై ఇంటికొచ్చిన సైనికుడు, తను లేని రెండు నెలల్లో మూతబడ్డ ఆటను తెరిపించమని అడిగేవాడు. నెట్ లైను లేని హాస్టలు పిల్లలు వీధి చివరి ఫోను నుంచి అంకెలు చదివేవారు. కంప్యూటర్ పాడైనవాడు కొత్తది కొన్నానని రుజువులు చూపించుకునేవాడు. ఫోను చేసినవాళ్లంతా డబ్బు పెట్టి కొన్నవాళ్లే. బకెట్టు దగ్గర కొన్నవాడికి ఆమెతో ఎప్పుడూ పనిపడలేదు.

తాళం వేసిన నెలలోనే కంపెనీ చర్చావేదిక మీద గొడవ లేచింది. రేపు మీ కంపెనీ మూతపడితే మేం కొన్న ఆట ఏం కావాలి అని అడిగారు. వెంగ్ యూఫెన్‌ను పిలిచాడు.

"యంత్రం ఆపేసే రోజు వస్తే, ఆపే ముందే తాళం తీసే ప్రోగ్రాం అందరికీ ఉచితంగా ఇస్తామని రాయి."

"కంపెనీ పేరు మీద రాయనా సార్?"

"కంపెనీని ఎవడు నమ్ముతాడు? నీ పేరు మీద రాయి. వాళ్లు మాట్లాడేది నీతో."

ఆమె బయటికొచ్చి ఆసేన్‌ను, అలాంటి ప్రోగ్రాం నిజంగా చేయగలరా అని అడిగింది. "రెండు రోజుల పనక్కా, ఈ వారంలో రాసి పడేస్తా" అన్నాడతను. ఆమె చర్చావేదికలో రాసింది. కింద ‘మీ ఫెన్ అక్క’ అని సంతకం పెట్టింది. గొడవ చల్లారింది. ఆ తరువాతి తొమ్మిదేళ్లలో ఎవరు అనుమానంతో ఫోను చేసినా, "నేను రాసింది చదవలేదా బాబూ? నా మాట మీద నమ్మకం లేదా?" అని అడిగేది. ఎక్కువమంది నవ్వి, ఉందనేవారు.

ఇప్పుడు ఆ మాట చెల్లించే రోజు వచ్చిందని ఆమెకు యంత్రాల గదిలో అర్థమైంది. చేతిలోని పొట్లాన్ని బల్ల మీద పెట్టి నేరుగా వెంగ్ గదికి వెళ్లింది.

వెంగ్ టీ బల్ల ముందు కూర్చుని చిన్న కప్పుల మీద వేడినీళ్లు పోస్తున్నాడు. ఆమె ముఖం చూసి, ఎదురుగా ఇంకో కప్పు పెట్టాడు.

"ఆసేన్ నోట్లో నువ్వుగింజ నానదు" అన్నాడు.

"అతను చెప్పలేదు సార్. పొట్లం తీసేశాడు."

వెంగ్ నవ్వాడు. "తాగు. కంపెనీని అమ్మేశాను. ఫోన్లలో ఆడే ఆటలు చేసేవాళ్లు కొన్నారు. మిగతావాళ్లతో పాటు నిన్నూ ఆసేన్‌నూ కూడా తీసుకుంటామన్నారు, అది నేనే అడిగి రాయించాను. సెప్టెంబరు ఆఖరున పాత యంత్రం ఆపేస్తాం."

"మంచిది సార్. అయితే తాళం తీసే ప్రోగ్రాం ఆలోపే పంచాలి. నోటీసు నేను రాస్తాను."

"నోటీసు రాయి. ప్రోగ్రాం ఉండదు." అతను టీ వంపాడు. "పగడాల రేవును వాళ్లు మళ్లీ అమ్ముతారు, నెలకింత అద్దెకి. తాళం లేని కాపీ ఒక్కటి బయట ఉన్నా వాళ్ల సరుకు అమ్ముడుపోదు. ఒప్పందంలో మొదటి మాటే అది."

"నేను మాటిచ్చాను సార్."

"తెలుసు."

"మీరు ఇమ్మంటేనే ఇచ్చాను."

"అప్పుడు అది సరైన మాటే యూఫెన్. అది లేకపోతే రెండో భాగం అమ్ముడుపోయేది కాదు. నీ అద్దె, నా అద్దె, పద్నాలుగు ఇళ్లలో అన్నం, అన్నీ దాని మీదే నడిచాయి. ఇప్పుడు దాన్ని చెల్లిస్తే పద్నాలుగు మందీ వీధిన పడతారు. ఏది నయమో నువ్వే చెప్పు." కప్పు ఆమె వైపు జరిపాడు. "చల్లారిపోతోంది."

అతను చెప్పిన లెక్కలో అబద్ధం లేదు. అందుకే ఆమె వాదించకుండా లేచింది. ఆ లెక్కలోకి కొన్నవాళ్లు ఒక్కసారి కూడా రాలేదని మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. తిరిగి వెళ్లి చెబుదామనుకుంది. వెళ్లలేదు.

బల్ల దగ్గరికి చేరేసరికి ఫోను మోగుతోంది. పెంగ్హు దీవుల నుంచి యెన్ జిన్‌షుయ్. మాగోంగ్ రేవులో చేపల పడవలకు మంచుగడ్డలు చేసే ఫ్యాక్టరీ నడిపి మానేసిన మనిషి, డెబ్బై దాటాడు. గాలి లేచిందంటే ఆ దీవిలో నెట్ పోతుంది. అందుకని పది రోజులకొకసారి ఫోను చేసి, తెర మీద కనిపించే అంకెలు చదువుతాడు. ఆమె వాటిని యంత్రంలో వేసి, వచ్చే జవాబు అంకెలు తిరిగి చదువుతుంది. అతని ఎడమ చెవి సరిగా వినపడదని, నిదానంగా చెప్పాలని ఆమెకు తెలుసు.

"అమ్మాయ్, ఆత్మలకి బాగా పెట్టారా?"

"పెట్టాం బాబాయ్. అక్కడో?"

"మా కోడలు సగం బజారు కొనుక్కొచ్చింది. దయ్యాలు పాపం అజీర్తితో పోతాయి. సరే, రాసుకో." అంకెలు చదివాక అన్నాడు, "మా మేనల్లుడు నిన్న నన్ను ఆటపట్టించాడు. ‘మామా, దొంగ సరుకు హాయిగా నడుస్తోంది, కొన్న సరుకు నీ చేత ఫోను పట్టుకుని అడుక్కునేలా చేస్తోంది, ఇందులో తెలివైనవాడెవడు?’ అని."

"మీరేమన్నారు?"

"తెలివైనవాడు నువ్వే, కానీ నీ దొంగదాంట్లో నా రేవు తెరుచుకోదురా అన్నాను. మొదటి నుంచి కట్టాలట. తొమ్మిదేళ్ల రేవు నాది. ఆ ఓడలకు పేర్లు పెట్టింది మా ఆవిడ. మళ్లీ కట్టగలనేమో, పేర్లు పెట్టడానికి తను లేదుగా." గొంతు సవరించుకున్నాడు. "వాడు వదలడే. కంపెనీ పోతే అంటాడు. ఫెన్ అక్క మాటిచ్చిందిరా, ఆ రోజున తాళం చెవి పంపుతుంది, నా రేవు నాకుంటుంది అన్నాను. అంతే కదా?"

యూఫెన్ తెర మీద జవాబు అంకెలు వచ్చి ఉన్నాయి.

"అంతే బాబాయ్" అంది. తరువాత ఆ అంకెలు నిదానంగా చదివింది.

ఆ క్షణంలో ఆమె అబద్ధం చెబుతున్నాననుకోలేదు. ప్రోగ్రాం ఆసేన్ దగ్గర ఉంది. అతన్ని అడిగి తీసుకుని, ఏదో దారిన వాళ్లకు చేరవేస్తే మాట నిలుస్తుంది. ఉద్యోగం పోతే పోనీ. శని, ఆదివారాలు ఆమె మనసులో ఈ ఏర్పాటే చేసుకుంది.

సోమవారం పొద్దున ఆఫీసు వీధి మొదట్లో ఉన్న ఫలహారాల దుకాణంలో ఆసేన్ గుడ్డు అట్టు తింటున్నాడు. ఆమె సోయాపాలు తీసుకుని ఎదురుగా కూర్చుంది.

"ఆ ప్రోగ్రాం నాకివ్వు."

"ఏ ప్రోగ్రాం?"

"తాళం తీసేది. నీ పేరు రానివ్వను. నేనే దొంగిలించానని చెబుతాను, నువ్వు తిట్టు, నేను పడతాను."

ఆసేన్ నమలడం ఆపాడు. తినే పుల్లలు పళ్లెంలో పెట్టాడు.

"లేదక్కా."

"ఇవ్వవా?"

"ఇవ్వడానికి లేదు. నేనెప్పుడూ రాయలేదు."

దుకాణం ఆవిడ ఎవరిదో పేరు పిలిచి పొట్లం అందించింది. పొట్లం తీసుకున్న మనిషి వెళ్లేదాకా యూఫెన్ చూసింది.

"ఈ వారంలో రాసి పడేస్తానన్నావు."

"అన్నాను. ఆ వారం యంత్రం నాలుగుసార్లు పడిపోయింది, నీకు గుర్తుందో లేదో. మరుసటి వారం వెంగ్ సార్‌ని అడిగితే ఇప్పుడేం తొందర, నోటీసు చాలు, జనం చల్లబడ్డారు అన్నారు. నాకూ బానే ఉందనిపించింది. తరువాత మూడో భాగం వచ్చింది, దాని తాళం వేరు..."

"తొమ్మిదేళ్లు నా పక్క బల్ల మీద కూర్చున్నావు. నేను ఫోనులో ప్రతివాడికీ ఒట్టేసి చెబుతుంటే విన్నావు."

"విన్నాను."

"ఒక్కసారి కూడా నా చెయ్యి పట్టుకుని ఆపాలనిపించలేదూ?"

"నువ్వు చెబితే వాళ్లు నమ్మేవాళ్లు. వాళ్లు నమ్ముతుంటే నాకూ ఎప్పుడో రాసేశాననిపించేది." అతను తల వంచాడు. "ఇప్పుడు రాయాలంటే మూడు వారాలు పడుతుంది. కొత్తవాళ్ల కాగితం మీద సంతకం పెట్టేశాను. రాసినట్టు తెలిస్తే కోర్టుకి ఈడుస్తారు. నాకిద్దరు పిల్లలు."

"నువ్వు ఆ యంత్రానికి చూపించిన జాలి నాకు చూపించి ఉంటే సరిపోయేది" అంది యూఫెన్. ఆమె గొంతు పెద్దది కాలేదు.

ఆసేన్ తల ఎత్తకుండానే అన్నాడు, "నోటీసులో నిజం రాయి. దాని కింద నేనూ రాస్తాను, నా పేరుతో, ఆ ప్రోగ్రాం రాయనివాణ్ణి నేనేనని. అంతవరకు చేస్తాను."

ఆ ఒక్క మాటను పట్టుకుని ఆమె లేచింది.

నోటీసు రాయడానికి ఆమెకు మంగళవారమంతా పట్టింది. అక్కడి మర్యాద ఒకటుంది. తప్పు పదిమందిదైనా, ముందు నోరు విప్పినవాడు మొత్తం తన నెత్తిన వేసుకుని తల వంచాలి. అప్పుడు మిగిలినవాళ్లు లేచి, కాదు కాదు ఇందులో నాదీ ఉంది, నాదే ఎక్కువ అంటూ ఎవరి వాటా వాళ్లు తీసుకోవాలి. తనను తాను తిట్టుకున్నవాడిని ఒంటరిగా వదిలేయడం అసభ్యత. యూఫెన్ ఆ మర్యాదలోనే పెరిగింది, అందులోనే రాసింది. 2003లో తాళం తీస్తానని మాటిచ్చింది తానని, ఆ ప్రోగ్రాం లేదని, ఇక ఉండబోదని, ఉందో లేదో నిర్ధారించుకోకుండా తొమ్మిదేళ్లు చెబుతూ వచ్చినది తన తప్పని రాసింది. వెంగ్ పేరు ఎత్తలేదు. ఆసేన్ పేరు అతనే రాస్తాడు కనుక ఎత్తలేదు. చివర, కొన్నవాళ్లు తాళం లేకుండా నడిచే కాపీ కోసం ఇకపై ఎక్కడికి వెళ్లినా తాను తప్పుపట్టనని ఒక వాక్యం చేర్చింది. ఆ వాక్యం చూడగానే వెంగ్ నోటీసును చించి తనను పంపేస్తాడని అనుకుంది. దానికి సిద్ధపడే అతని బల్ల మీద పెట్టింది.

వెంగ్ రెండుసార్లు చదివాడు.

"చాలా బాగా రాశావు. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు" అన్నాడు.

ఆ మెచ్చుకోలు అర్థం ఆమెకు గురువారం తెలిసింది. బుధవారం నోటీసు చర్చావేదికకు ఎక్కింది. గురువారం ఉదయం దాని కింద కంపెనీ పేరుతో నాలుగు పంక్తులు కనిపించాయి: సేవా విభాగపు ఉద్యోగిని ఒకరు గతంలో తన సొంత చొరవతో ఇచ్చిన హామీ గురించి యాజమాన్యానికి ఇప్పుడే తెలిసిందని, కొనుగోలుదారులకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నామని, కొత్త సేవలో అందరికీ మొదటి నెల ఉచితమని.

ఆమె కిందికి జరుపుతూ పోయింది. ఆసేన్ పేరు కోసం వెతికింది. పేజీ తరువాత పేజీ తెలిసిన పేర్లే. హాస్టలు పిల్లలు, ఇప్పుడు ఉద్యోగస్తులు. ఒకప్పటి సైనికులు. ‘అక్క అని పిలిచినందుకు సిగ్గుపడుతున్నా’ అని ఒకరు. ‘తొమ్మిదేళ్లు మనచేత కొనిపించి, ఇప్పుడు దొంగల దగ్గరికి పొమ్మంటోంది, ఆ దారి మాకు అప్పుడే తెలుసు, ఈవిడని నమ్మే వెళ్లలేదు’ అని ఇంకొకరు. ఈ రెండోదానికి వందల మంది అవునన్నారు. ఆమె కూడా ఏం కాదనగలదు?

అయినా జవాబు రాయబోయింది. జరిగింది ఇదీ అని, ఈసారి పేర్లతో. అక్షరాలు కొట్టి పంపితే, ఈ పేరుకు ఇక్కడ రాసే హక్కు లేదని తెర చెప్పింది.

పక్క బల్ల మీద ఆసేన్ తెరలోకి వంగి పనిచేసుకుంటున్నాడు.

"ఇంకా రాయలేదేం?" అని అడిగింది.

"రాస్తానక్కా. వెంగ్ సార్ కాస్త ఆగమన్నారు, కొత్తవాళ్లు చూస్తున్నారట. వేడి తగ్గాక రాస్తే బాగుంటుంది."

"ఎవరికి?"

అతను మళ్లీ తెరలోకి వంగాడు. శుక్రవారం కూడా రాయలేదు.

మరుసటి వారం సోమవారం, పెంగ్హు నంబరు నుంచి ఫోను మోగింది. పది రోజులైంది. యూఫెన్ రెండో మోతకే తీసింది.

"చెప్పండి బాబాయ్."

అవతల గాలి చప్పుడు వినిపించింది. "అక్కడ ఇంకెవరైనా ఉన్నారా అమ్మాయ్?"

"బాబాయ్, ఆ రోజు మీతో మాట్లాడినప్పుడు నేను..."

"మా మేనల్లుడు అంతా చదివి వినిపించాడు. నేను అడిగిన రోజు నీకు తెలుసా, తెలీదా? అది ఒక్కటి చెప్పు."

"యంత్రం ఆపేస్తారని తెలుసు."

"ఇంకెవరికైనా ఇవ్వు" అన్నాడు ముసలాయన. కోపంగా అనలేదు. దుకాణంలో తూకం సరిగా లేదని తేలాక పక్క కొట్టుకు వెళ్లే మనిషిలా అన్నాడు.

ఆమె ఫోనును ఆసేన్ వైపు చాపింది. "అంకెలు చెబుతారు. నువ్వు పైకి చదువు, నేను కొడతాను."

ఆసేన్ అందుకున్నాడు. ముసలాయన చదివిన అంకెలను అతను పైకి పలికాడు, ఆమె యంత్రంలో వేసింది. జవాబు వచ్చింది. తెరను అతని వైపు తిప్పి, "మెల్లగా చెప్పు, ఒక చెవే వినపడుతుంది" అని పెదాలతో చెప్పింది. ఆసేన్ మెల్లగా చదివాడు. రెండుసార్లు చదివాడు. అవతల ఆట తెరుచుకున్న సంగీతం సన్నగా వినిపించింది. ముసలాయన గట్టిగా మాట్లాడే మనిషి. అతని ప్రతి మాటా యూఫెన్ కూర్చున్న చోటికి వస్తోంది.

"తెరుచుకుంది. నీ పేరేంటి నాయనా?"

"లాయ్ అండీ."

"ఎన్నాళ్లబట్టి ఉన్నావక్కడ?"

"మొదట్నుంచీ."

"మరి ఇన్నాళ్లూ ఫోను నువ్వు తియ్యలేదేం? ఎంత ఓపిగ్గా చెప్పావు. నీలాంటి మంచివాడు ఉండి కూడా ఆవిడ చేతిలో పెట్టారు మమ్మల్ని." దగ్గాడు. "నెలాఖరు లోపల మళ్లీ చెయ్యాలి. అప్పుడు నువ్వే తియ్యి. ఆవిడకివ్వకు."

ఆసేన్ యూఫెన్ వైపు చూడలేదు. ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సరే బాబాయ్" అన్నాడు.